నిలబెట్టిన తెర

తిరుమణి గ్రామ పంచాయతీ గ్రంథాలయానికి పెద్ద కంప్యూటర్ తెర వచ్చిన ఉదయం అక్కడ హాజరైనవారు, కూర్చున్న వరుసలో, వీరు. మొదటి కుర్చీలో పంచాయతీ అధ్యక్షుడు హనుమంతరాయప్ప. రెండవ కుర్చీలో ఆ తెరను ఊరికి బహూకరించిన సోలార్ కంపెనీ తరఫు అధికారి భరత్‌కుమార్. మూడవ కుర్చీలో విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు లక్ష్మీనరసింహ. ఆయన పక్కన, కుర్చీ అంచున మాత్రమే ఆనుకుని, ఎవరు పిలిచినా లేచి పరుగెత్తడానికి సిద్ధంగా, గ్రంథాలయం చూసుకునే ప్రతిభ. కుర్చీలు అంతటితో అయిపోయాయి. గోడవార నిలబడినవాడు కంపెనీలో ప్యానెళ్ళు బిగించే కృష్ణప్ప. గడప దగ్గర, లోపలా బయటా కాకుండా, చేతిలో పసుపు కుంకుమల పళ్ళెంతో అతని తల్లి దాసమ్మ. ఆమె వెనుక, పేరుపేరునా చెప్పనవసరం లేని ఊరివారు.

ఈ వరుస సరియైనది కాదని లక్ష్మీనరసింహ అభిప్రాయం. ఇప్పుడు మొదటి కుర్చీని నిండుగా ఆక్రమించిన హనుమంతరాయప్ప ఒకప్పుడు ఆయన తరగతిలో చివరి బల్ల మీద కూర్చున్నవాడు. గొర్రెలను మందకు తోలి, దుమ్ము కాళ్ళతో, ఇంగ్లీషు పాఠం సగంలో వచ్చి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడినవాడు. అటువంటివాడికి మొదటి కుర్చీ, తనకు మూడవది! అయినా సభామర్యాద అనేది ఒకటి ఉంటుంది గనుక ఆయన మారుమాట లేకుండా మూడవ కుర్చీని భరించాడు. భరించడానికి మరొక కారణం కూడా ఉంది. ఆ తెర కావాలని పంచాయతీని, కంపెనీని వెంటబడి వేధించినది ఆయనే. తెర వస్తే చాలు, కుర్చీ సంగతి తరువాత చూసుకోవచ్చునని ఆయన తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

ఆ అవసరం ఎటువంటిదో చెప్పాలి. కన్నడ రాష్ట్రపు అంచున ఉన్న ఆ ఊళ్ళో ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం. కాబట్టి తెలుగులో తిట్టగలవారు, జోలపాడగలవారు, బేరమాడగలవారు ఊరినిండా ఉన్నారు గాని, తెలుగు అక్షరాన్ని చదవగలవారు వెతికితే తప్ప దొరకరు. లక్ష్మీనరసింహ అనంతపురంలో బి.ఏ. చదివినవాడు. ఉద్యోగ విరమణ చేసిన నాటినుండి ప్రతి ఉదయం గ్రంథాలయంలో కూర్చుని, వై.ఎన్.హొసకోట నుండి మొదటి బస్సులో వచ్చే తెలుగు దినపత్రికను మొదటి పుట నుండి కడపటి పుట వరకు బిగ్గరగా చదివేవాడు. వినడానికి రైతులు వచ్చేవారు, మేకల వెంట వెళ్ళేవారు దారిలో ఆగేవారు, ప్యానెళ్ళు కడగడానికి వెళ్ళే ఆడవాళ్ళు బండి వచ్చేవరకు అరుగు మీద కూర్చుని వినేవారు. దాసమ్మ అయితే వర్షం వార్త, చనిపోయినవారి ఫొటోలు, ఈ రెండూ అయ్యేవరకు కదిలేది కాదు.

అటువంటి పత్రిక ఒకనాడు ఆగిపోయింది. ఇంత కొద్ది ప్రతుల కోసం బస్సులో కట్ట వేయలేనని హొసకోట ఏజెంటు చేతులెత్తేశాడు. ఫోనులో చదువుకోవచ్చు గదా సార్ అని ప్రతిభ చూపించింది. ఆ అక్షరాలు చక్కెర మీద పాకే చీమల్లా ఉన్నాయి. పెద్దవి చేస్తే ఒక్కొక్క మాటే మిగిలింది. ఆషాఢమంతా లక్ష్మీనరసింహ తన ఇంటి అరుగు మీద ఉత్త చేతులతో కూర్చున్నాడు. ఎవరైనా వచ్చి, సార్, చదవడం ఎందుకు నిలిపేసినారు అని అడుగుతారని చూశాడు. దాసమ్మ తప్ప ఎవరూ అడగలేదు. అదీ ఆయన గుండెలో ముల్లు. పొలాలు ప్యానెళ్ళ కిందికి వెళ్ళిపోయాయి, బడి తన చేతిలో లేదు. ఊరికీ తనకూ మిగిలిన సంబంధమల్లా ఆ ఉదయపు చదువు ఒక్కటే. అది కూడా పోతే తాను పింఛను తీసుకునే ఒక ముసలివాడు మాత్రమే.

అందుకే తెర. గోడంత తెర మీద పత్రిక పుటను పరిచి చదవాలని ఆయన సంకల్పం.

దాసమ్మ వచ్చి తెర పై అంచు మీద పసుపు రాసి మూడు కుంకుమ బొట్లు పెట్టింది. హనుమంతరాయప్ప టెంకాయ కొట్టాడు. భరత్‌కుమార్ బటన్ నొక్కాడు. ప్రతిభ మౌస్‌తో ఏవేవో తెరిచి పత్రికను తెచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. లక్ష్మీనరసింహ గొంతు సవరించుకుని లేచి నిలబడి, తెర వంక చూసి, నిర్ఘాంతపోయాడు.

పత్రిక పేరు వచ్చింది. దాని కింద ఒక నగల దుకాణం ప్రకటన వచ్చింది. అంతటితో తెర అయిపోయింది. అటు గజం, ఇటు గజం ఖాళీ స్థలం మాత్రం తెల్లగా పడి ఉంది.

"కిందికి జరుపమ్మా," అన్నాడు.

ప్రతిభ మౌస్ చక్రం తిప్పింది. పుట జర్రున జారింది. ఆయన చదవడం మొదలుపెట్టాడు.

"మడకశిర రహదారిలో నిన్న సాయంత్రం ఎదురుగా వచ్చిన లారీ ఢీకొనడంతో ద్విచక్ర వాహనం మీద వెళుతున్న ఇద్దరు..."

నిలువు వరుస తెర అంచున తెగిపోయింది. ప్రతిభ మళ్ళీ తిప్పింది. అవసరమైనదానికంటే కాస్త ఎక్కువ తిప్పింది. ఆయన చూపు ఒక వరుస దాటి పక్క వరుసలో పడింది. గొంతు మాత్రం ఆగలేదు.

"...బంధుమిత్రుల ఆశీస్సులతో ఒక్కటయ్యారు. అనంతరం విందు ఘనంగా జరిగింది."

గడప దగ్గర దాసమ్మ ముక్కున వేలేసుకుంది. "అయ్యో సారూ, లారీ గుద్దినోళ్ళకు పెండ్లి ఎవురు చేసినారు?"

ఊరంతా ఘొల్లున నవ్వింది. భరత్‌కుమార్ మర్యాదగా నవ్వును చేతిరుమాలులో దాచుకున్నాడు. లక్ష్మీనరసింహ మాత్రం నవ్వలేదు. తరగతిలో ఒక్కరోజైనా ఆయన చదువుతున్న వాక్యం నడుమ విరిగిన దాఖలా లేదు.

"లోపం నాలో లేదు," అన్నాడు, ఒక్కొక్క మాటా తూచి వేసినట్టు. "లోపం ఈ తెర పడుకున్న తీరులో ఉంది. పత్రిక నిలువుగా ఉంటుంది. పుస్తకం నిలువుగా ఉంటుంది. చదివే మనిషి నిలువుగా ఉంటాడు. ఈ తెర ఒక్కటి మాత్రం పగటిపూట పడుకోవడమెందుకు? దీనిని లేపి నిలబెట్టాలి."

"ఈ మోడల్ స్టాండ్ తిరగదు సార్," అన్నాడు భరత్‌కుమార్. "ల్యాండ్‌స్కేప్‌కు చేసిందే ఇది."

"పడుకోనుండేదాన్ని లేపితే క్రికెట్ ఎట్ల చూసేది సార్?" అన్నాడు హనుమంతరాయప్ప, తొడ మీద చెయ్యి చరుచుకుంటూ. "పిల్లోళ్ళు నన్ను ఊళ్ళో నిలవనిస్తారా?"

"ఇది గ్రంథాలయం, హనుమంతరాయప్పా. ఆటస్థలం కాదు. నీకు ఆ తేడా చిన్ననాటినుండి తెలియదు."

మాట జారిన తరువాత, అధ్యక్షుణ్ణి సభలో నువ్వు అన్నానే అని ఆయనకు తట్టింది. హనుమంతరాయప్ప ముఖం ఒక్క క్షణం ముడుచుకుని మళ్ళీ విప్పారింది. "సార్ చెప్పినాక ఏముండాది. లేపండప్పా, లేపి చూద్దాం."

కృష్ణప్ప, మరొకడు కలిసి తెరను స్టాండు నుండి ఊడదీసి, నిలువుగా గోడకు ఆనించారు. తెర అయితే నిలబడింది. లోపలి బొమ్మ మాత్రం పక్కకు వాలి పడుకుంది. నగల దుకాణం అమ్మాయి గోడ ఎక్కుతున్నట్టు కనిపించింది. గదిలోని తలలన్నీ ఒక్కసారిగా ఎడమ భుజం మీదికి వాలాయి. లక్ష్మీనరసింహ తల కూడా తనకు తెలియకుండానే వాలింది. అది గ్రహించి చటుక్కున నిలబెట్టుకున్నాడు.

ఇంతలో దాసమ్మ పళ్ళెం కింద పెట్టి గబగబా లోపలికి వచ్చింది. "బొట్టు చెంప మీదికొచ్చిందే! పూజ చేసినదాన్ని కదిలించకూడదు సారూ. ఎట్ల పెట్టి పూజ చేస్తే అట్లనే ఉండాల. కదిలించాలంటే మళ్ళా పూజ చేసినాకే. శుక్రవారం దాంకా ముట్టద్దండి."

"దాసమ్మా, అది యంత్రం."

"ట్రాక్టరూ యంత్రమే గదా సారూ. ఆయుధపూజ కాకుండా కదిలిస్తారా?"

వెనుకనున్నవారంతా అవునవునన్నారు. సంప్రదాయానికి ఎదురు తిరిగే రకం కాదు లక్ష్మీనరసింహ. ఆయన ఇంట్లో గ్రైండరుకు కూడా కుంకుమ బొట్టు ఉంది. తలూపి ఊరుకున్నాడు. శుక్రవారం వరకు తెర గోడకు ఆనుకుని, మొహాన గుడ్డ కప్పుకుని, అలిగిన కోడలిలా నిలబడి ఉంది. ఆయన రోజూ వచ్చి దానిని చూసి వెళ్ళాడు.

కొత్త స్టాండు చేసిస్తానని కృష్ణప్ప పూనుకున్నాడు. "మా ప్యానెళ్ళకు కూడా రెండు రకాలుండాయి సార్. పోర్ట్రెయిట్ అంటే నిలువు, ల్యాండ్‌స్కేప్ అంటే అడ్డం. నిలువుకు పట్టి బిగించే క్లాంపులు వేరే. మన దగ్గర పాత రెయిళ్ళుండాయి. ఒక్క పూట పని." పోర్ట్రెయిట్ అంటే చిత్తరువు అని ఊరి పిల్లలకు ఏళ్ళ తరబడి బోధించిన లక్ష్మీనరసింహకు ఆ మాట ఇనుప రెయిళ్ళ నడుమ వినపడడం రుచించలేదు. కాని అవసరం తనది. "చక్కగా చెయ్యి," అని మాత్రం అన్నాడు.

శుక్రవారం పూజ అయింది. తెరను కొత్త స్టాండుకు బిగించి గుడ్డ తీశారు. అందరూ చూశారు. తెర వాళ్ళను చూడలేదు. దూలాలను చూస్తోంది.

స్టాండు దిట్టంగా ఉంది. బోల్టులు గట్టిగా ఉన్నాయి. తెర నిలువుగానే ఉంది గాని, ఊరి చుట్టూ ఆకాశాన్ని చూస్తూ పరుచుకున్న ప్యానెళ్ళన్నీ ఎంత వాలి ఉన్నాయో అంతే వాలి ఉంది.

"ఇదేమయ్యా కృష్ణప్పా?" అన్నాడు లక్ష్మీనరసింహ.

"దక్షిణం మొగంగా పెట్టినా సార్. లెవెలు కూడా చూసినా. ఎండ బాగా పడతాది."

"దీనికి ఎండ ఎందుకయ్యా?"

కృష్ణప్ప తెరవైపు చూసి, తన చేతులవైపు చూసుకున్నాడు. "...చెయ్యి అలవాటు సార్."

"పోనీలెండి," అన్నాడు హనుమంతరాయప్ప, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ. "దాని కరెంటు అదే చేసుకుంటాదేమో. పంచాయితీకి బిల్లు మిగిలె."

తిరిగి ఎప్పుడు సరిచేస్తావని అడిగితే, ప్లాంటులో పని తెమలలేదని కృష్ణప్ప చెప్పాడు. అంతవరకు లక్ష్మీనరసింహ ఆ తెర మీదికి వంగి, బావిలోకి తొంగి చూసినవాడిలా, ట్యూబులైటు నీడ పడని చోట ఒక కన్ను పెట్టి చదవబోయాడు. పైగా లోపలి బొమ్మను తిప్పే మీట ప్రతిభకు ఇంకా దొరకలేదు. ఒకసారి తిప్పితే పుట తలకిందులైంది. దానిని సరిచేయబోతే మౌస్‌ను కుడికి నెడితే బాణం పైకి పోయింది, పైకి నెడితే ఎడమకు పోయింది. "ఇది నా మాట వినేదే లేదు సార్," అని ఆ పిల్ల కళ్ళనీళ్ళ పర్యంతమైంది. ఆయన కోపాన్ని దిగమింగి, "నెమ్మదిగా, నెమ్మదిగా," అన్నాడు. ఆ మాట ఆమెకు చెప్పాడో తనకు చెప్పుకున్నాడో ఆయనకే తెలియదు. వినడానికి వచ్చినవాళ్ళు కాసేపు ఆ తమాషా చూసి, బండి హారన్ విని వెళ్ళిపోయారు. ఒక్కొక్క ఉదయం ఇద్దరు తగ్గారు. చివరికి దాసమ్మ ఒక్కతే మిగిలింది. ఆమెకూ ఓపిక అయిపోతే ఇక తాను ఎవరికోసం చదవాలి? తలప్రాణం తోకకు రావడమంటే ఏమిటో ఆయన ఆ రోజుల్లో తెలుసుకున్నాడు.

ఎట్టకేలకు రెండూ కుదిరాయి. కృష్ణప్ప క్లాంపులు మార్చి తెరను నిట్టనిలువుగా నిలబెట్టాడు. ప్రతిభకు సరియైన మీట దొరికింది. ఆ ఉదయం పుట మొత్తం, పేరు మొదలుకొని అడుగున ముద్రాపకుని చిరునామా వరకు, ఒక్కటిగా, తలుపంత ఎత్తున, తెల్లగా ప్రత్యక్షమైంది. జారడం లేదు, తెగడం లేదు. లక్ష్మీనరసింహకు తన బడిలో కొత్త నల్లబల్ల వచ్చిన రోజు గుర్తుకొచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని, తల ఎత్తి, మొదటి శీర్షిక మీద చూపు నిలిపాడు.

అక్షరాలు మసకగా ఉన్నాయి.

ఆయనది రెండు భాగాల కళ్ళజోడు. పై భాగం దూరానికి, కింది భాగం చదవడానికి. కృష్ణప్ప పొలంలో ప్యానెళ్ళకు చేసే అలవాటు చొప్పున తెర కింది అంచును నేలకు బాగా ఎత్తుగా పెట్టాడు, మేకలు పొడవకుండా, వానకు బురద చిందకుండా. ఆ ఎత్తు మీద తెర నిలువుగా లేస్తే శీర్షికలు దూలానికి దగ్గరయ్యాయి. వాటిని కింది అద్దంలోంచి చూడాలంటే గడ్డం పైకెత్తాలి, మెడ వెనక్కు విరగాలి. విరిచాడు. ఎముకల్లో కలుక్కుమంది. డాక్టరు ఏనాడో పట్టీ వేసుకోమన్న మెడ అది. చూపు అందింది గాని, గొంతు నొక్కుకుపోయి మాట పెగల్లేదు. రెండు పదాలు చదివేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. ఆయన తల దించుకున్నాడు. దించుకున్న కళ్ళ ఎదుట పుట కింది సగం స్పష్టంగా, నల్లగా, పొందికగా ఉంది.

ఆయన కింది సగం చదివాడు.

మరునాడూ కింది సగమే చదివాడు. వేరుశనగ ధర, మేకల సంత, పాము కరిచిన బాలుడు, వాన సూచన. గొంతు పూర్వంలాగే గంభీరంగా ఉంది. వెళ్ళిపోయినవారిలో కొందరు తిరిగి వచ్చారు. అరుగు మళ్ళీ నిండసాగింది. ఒక ఉదయం దాసమ్మ అడిగింది.

"సారూ, ఈ మధ్య పైవార్తలు చెప్పడంల్యా. దేశంలో పైన ఏమీ జరగడంల్యా? అంతా కిందనే జరగతాండాదా?"

"పై వార్తలలో సారం లేదు దాసమ్మా," అన్నాడాయన. "రోజూ ఒకటే మాట తిప్పి తిప్పి వేస్తున్నారు."

ఆ అబద్ధం చెప్పిన నాలుకకు ఆ రోజంతా అన్నం రుచించలేదు. నిజం చెబితే ఏమవుతుంది? సారుకు చూపు ఆనడం లేదు, మెడ నిలవడం లేదు, పాపం ముసలివాడైపోయినాడు, ఇంక ఇంట్లో కూర్చోనీ అంటారు. ఆ పాపం అనే మాట ఆయన భరించలేడు. ఇంటికి వెళ్ళి గోడకున్న క్యాలెండరు ఎదుట నిలబడి, ఏ కోణంలో మెడ విరిస్తే నొప్పి తగ్గుతుందో అభ్యాసం చేశాడు. వంటింట్లోంచి వచ్చిన భార్య పెద్దక్క కాసేపు చూసి, "ఏంది, తెల్లవారక ముందే కూసే పుంజు మాదిరి ఆ మెడ ఎత్తడం?" అంది. ఆయన ఏకాదశి ఎప్పుడో చూస్తున్నానని చెప్పాడు. అది రెండవ అబద్ధం.

స్టాండును దించమని కృష్ణప్పతో ఒక్క మాట చెబితే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. సరిపోయేదే. కాని నిలబెట్టమని పట్టుబట్టినది తానే. వాలును సరిచేయించినది తానే. ఊరందరి ఎదుట, అంత రభస చేసి, సాధించిన దానిని నేనే చదవలేకున్నాను అని ఏ నోటితో చెప్పాలి? మింగలేక కక్కలేక ఆయన ప్రతి ఉదయం ఆ తెల్లని పుట కింద నిలబడ్డాడు. తన గెలుపే తన నెత్తి మీద వేలాడుతున్నట్టుంది.

అటువంటి ఒకరోజు గ్రంథాలయం నుండి తిరిగి వస్తూ నీళ్ళ ట్యాంకు దగ్గర ఆగాడు. ట్యాంకు కింద హనుమంతరాయప్ప నడుం మీద చేతులు పెట్టుకుని, తలను పూర్తిగా వెనక్కు వాల్చి, పైన పైపు బిగిస్తున్నవాడిని కేకలేస్తున్నాడు. "ఆ పక్క కాదప్పా, ఈ పక్క! యాడ చూస్తాండావు?" చాలాసేపు అలాగే పైకి చూస్తూ అరిచాడు. ఆ బలమైన మెడను లక్ష్మీనరసింహ అసూయతో చూశాడు. హనుమంతరాయప్ప ఆయనను గమనించి నమస్కరించాడు. "సార్, ఈ మధ్య కింది వార్తలే చదువుతాండారంట?" అన్నాడు. లక్ష్మీనరసింహ అడుగుల వేగం పెంచి నడిచాడు. వెనుకనుండి ఇంకేదో మాట వస్తుందనుకున్నాడు. రాలేదు.

తరువాత క్రికెట్ పోటీ వచ్చింది. ఊరి కుర్రవాళ్ళు గుంపుగా అధ్యక్షుని దగ్గరకు వెళ్ళారు. నిలువు తెరలో ఆట చూడలేము, దానిని మళ్ళీ అడ్డంగా పడుకోబెట్టించాలి, పేపరు ఒక్కరి కోసం, ఆట ఊరందరి కోసం అన్నారు. రేపు గ్రంథాలయంలో తేలుస్తానని హనుమంతరాయప్ప చెప్పి పంపాడు. ఆ సంగతి పెద్దక్క నోటితో విన్నప్పుడు లక్ష్మీనరసింహకు ముందు ఒళ్ళు మండింది. ఆ తరువాత, చీకట్లో దీపం కనబడినట్టు, ఒక దారి కనిపించింది. ఊరి యువకుల ఉత్సాహాన్ని మన్నించి, నా పఠనాన్ని త్యాగం చేస్తున్నాను అని తానే హుందాగా ప్రకటించవచ్చు. మెడ సంగతి ఎవరికీ తెలియదు. తన గౌరవం తనకు ఉంటుంది. పోయేది ఒక్క పత్రిక.

ఆ ఉపన్యాసాన్ని స్నానం చేస్తూ కూర్చుకున్నాడు. చక్కగా కుదిరింది. కుదిరిన తరువాత కూడా చెంబు మీద చెంబు పోసుకుంటూ స్నానాల గదిలోనే ఉండిపోయాడు.

మరునాడు గ్రంథాలయం కిటకిటలాడింది. కుర్రవాళ్ళు ఒక పక్క, మిగిలిన ఊరు ఒక పక్క. దాసమ్మ ఈసారి గడప దాటి లోపలికి వచ్చి తెర ముందర చతికిలబడింది, దానిని కదిలించాలంటే ముందు తనను కదిలించాలన్నట్టు. లక్ష్మీనరసింహ లేవబోయాడు. ఆయన నోరు తెరిచేలోగానే హనుమంతరాయప్ప లేచాడు.

"మొదట నా మాట వినండప్పా. నిన్న తలుపు తీయించుకోని నేనొక్కణ్ణే ఈడికి వచ్చినా. పేపర్లో పైన బొమ్మలు చూద్దామని తల ఎత్తినా. మెడ పట్టుకొనింది. రాత్రంతా నిద్రల్యా. ఇంటామె మునగాకు కట్టు కట్టింది. ఇది మనుషులు చూసేది, కోతులు చూసేది కాదు, ఇంత ఎత్తున ఎవురు పెట్టమన్నారు? కృష్ణప్పా, స్టాండు కాళ్ళు కోసెయ్. కూర్చున్నోళ్ళ కండ్లకు సమంగా దించు."

"అడ్డంగా పెట్టమంటే దించమంటావేంది మామా?" అన్నాడొక కుర్రవాడు.

"అడ్డం లేదు, గిడ్డం లేదు. నిలువులోనే ఆట చూస్తాము. నడుమ పట్టీ మాదిరి వస్తాది. బంతి కనపడితే చాలు గదా."

"అధ్యక్షునికి అప్పుడే ముసలితనం వచ్చేసిందిరో," అని వెనుకనుండి ఎవరో అన్నారు. "మెడ నిలవనోడు పంచాయితీ ఎట్ల నిలబెడతాడు?"

ఊరు పగలబడి నవ్వింది. హనుమంతరాయప్ప మెడను రెండు చేతులతో పట్టుకుని, మొహం వికారంగా పెట్టి, "ఆ, వచ్చేసినాది. మీకు రాదనుకున్నారా? రానీ, చూస్తాను," అని తానూ వారితో పాటు నవ్వాడు.

లక్ష్మీనరసింహ ఒక్కడే నవ్వలేదు. ట్యాంకు కింద అంతసేపు నొప్పి ఎరుగక వెనక్కు వాలిన ఆ మెడ ఆయన కళ్ళ ముందు నిలిచింది. కూర్చుకున్న ఉపన్యాసం నాలుక మీదే ఆరిపోయింది.

కృష్ణప్ప మధ్యాహ్నానికి కాళ్ళు కోసి స్టాండును దించాడు. దాసమ్మ మళ్ళీ పూజ చేసింది, ఈసారి శుక్రవారం దాకా ఆగమనలేదు. మరునాడు లక్ష్మీనరసింహ కుర్చీలో కూర్చుని, మెడ కదపకుండా, మొదటి శీర్షికను చదివాడు. గొంతు గది దాటి రోడ్డు మీదికి వినపడింది. "అదిగో, పైన కూడా జరగతాండాది," అంది దాసమ్మ తృప్తిగా. ఆదివారం ఆట నిలువు తెర నడుమ, పైనా కిందా నల్లటి ఖాళీల మధ్య, ఎండిన కుంటలో మిగిలిన నీళ్ళలా కనిపించింది. కుర్రవాళ్ళు గొణిగారు, తిట్టుకున్నారు, కడదాకా చూశారు.

కాని ఊరు ఆ మాటను వదలలేదు. బస్సులో పైన సంచి అందుకోలేనివాడిని, నీకూ అధ్యక్షుని మెడ పట్టిందా అన్నారు. టెంకాయ చెట్టు ఎక్కలేనివాడిని అదే అన్నారు. హనుమంతరాయప్ప ఎదుటే అన్నారు. ఆయన ప్రతిసారీ మెడ పట్టుకుని చూపించి నవ్వించాడు. విన్న ప్రతిసారీ లక్ష్మీనరసింహకు చెంప మీద కొట్టినట్టుండేది. తనది కావలసిన నవ్వును మరొకరు మోస్తున్నారు. మోస్తున్నవాడు తన చివరి బల్ల విద్యార్థి.

ఒక ఉదయం, పత్రికలో కడపటి వరుస, చనిపోయినవారి ఫొటోలు, వాన సూచన, అన్నీ అయిన తరువాత, ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకోలేదు. లేచి నిలబడ్డాడు. హనుమంతరాయప్ప కూర్చున్న మొదటి కుర్చీ వైపు తిరిగాడు. అరుగు మీద లేవబోతున్నవారు ఆగిపోయారు.

"సభకు ఒక మనవి," అన్నాడు. "ఈ తెరను కిందికి దించినది ఒకరి మెడ కోసమని మీరందరూ ఎరుగుదురు. ఆ మెడ ఎవరిదో మీరు ఎరుగరు. పైకి చూడలేకపోయినది నేను. కింది సగం మాత్రమే చదివి, పైన సారం లేదని దాసమ్మకు చెప్పినది నేను. అడిగి సరిచేయించుకోవడానికి అభిమానం అడ్డు వచ్చింది. నేను నోరు తెరవకముందే అది గ్రహించి, ఆ నొప్పిని తనదిగా చెప్పుకుని, ఊరివారి పరిహాసాన్ని ఇన్ని దినాలు తానే భరించి, ఈ గ్రంథాలయంలో పత్రికా పఠనం ఆగిపోకుండా నిలిపినవారు మన పంచాయతీ అధ్యక్షులు శ్రీ హనుమంతరాయప్ప గారు. వారు చేసిన ఈ ఉపకారాన్ని, ఇక్కడ హాజరైన మీ అందరి సమక్షంలో, మనఃపూర్వకమైన కృతజ్ఞతతో నేను అంగీకరిస్తున్నాను."